తోవ పక్క గుర్తులు: పేరు పెట్టే హక్కు ఎవరిది?

1

కిందటి సంవత్సరం వేసవి సెలవులకు ముందు మా ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలకు 'మా ఊరు' అని ఒక పని అప్పగించాను. వీధులు, గుళ్లు, బావులు, చెట్లు, విగ్రహాలు తిరిగి చూసి రాసుకురమ్మన్నాను. వాళ్లు రాసుకురావడంతో ఆగలేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటంలో ఎవరి ఊరిని వాళ్లే గుర్తించుకోవచ్చని ఒక పిల్లవాడికి ఇంజనీరింగు చదివే అన్న చెప్పాడట. నాలుగు రోజుల్లో ఊరి బాటలన్నీ ఎక్కించారు. బడి, బస్టాండు, నీళ్ల ట్యాంకు, కిరాణం దుకాణాలు అయ్యాయి. ఐదో రోజు నా దగ్గరికి వచ్చారు.

"సార్, బొడ్రాయికి ఏం పెట్టాలె?"

ఆ పటంలో ఏ గుర్తు పెట్టినా అది ఫలానా కోవకు చెందినదని ఒక మాట తగిలించాలి. దాన్ని ట్యాగ్ అంటారు. బొడ్రాయి కోసం పట్టికంతా వెతికితే దొరకలేదు. సరిహద్దు రాయి అని ఉంది. బొడ్రాయి సరిహద్దు రాయి కాదు, ఊరికి నడిబొడ్డు. గుడి అని ఉంది. బొడ్రాయి గుడీ కాదు. స్మారకం అని ఉంది. అది ఎవరి స్మృతికీ పెట్టింది కాదు. ఒక అమ్మాయి "రాయి అని పెడదాం సార్" అంది. ఇంకో పిల్లవాడు ఊరుకోలేదు. "ఊళ్లె మస్తు రాళ్లున్నయి, బొడ్రాయి ఒక్కటే ఉంది" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా తెలుగు పాఠం చెబుతున్న నాకు ఆ పిల్లవాడి మాట ఆలోచింపజేసింది. వస్తువుకూ పేరుకూ ఉన్న సంబంధం గురించి మనం సాహిత్య విమర్శలో చాలా రాసుకున్నాం. తోవ పక్కన ఉన్న రాయికి, చెట్టుకు, గద్దెకు పేరెవరు పెట్టారు, ఆ పేరును మిగతావాళ్లు ఎట్లా ఒప్పుకున్నారు అనే చరిత్రను మాత్రం పట్టించుకోలేదు. ఈ వ్యాసం ఆ దిశలో ఒక ప్రయత్నం. నేను సాంకేతిక నిపుణుణ్ణి కాను. భాష తెలిసినవాడిగా, కరీంనగర్, ఆదిలాబాద్ తోవల మీద ఇన్నేళ్లు తిరిగినవాడిగా రాస్తున్నాను.

2

మొదట పాత చరిత్ర కొంత చూడాలి.

మన దేశంలో సర్వే ఆఫ్ ఇండియా 1767లో ఏర్పడింది. ఈస్టిండియా కంపెనీ తాను గెలిచిన, గెలవబోయే నేలను కొలుచుకోవడానికి పెట్టుకున్న సంస్థ అది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే దక్షిణం నుంచి నిజాం రాజ్యం మీదుగా ఉత్తరానికి సాగింది. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. అది ఆదిలాబాద్ దాటి నాగపూర్ పోయే తోవలో ఉంది. అంటే ఈ కొలత గొలుసు ఎక్కడో పోలేదు, మన ఇరుగుపొరుగు నుంచే పోయింది.

ఆ సర్వే పటాలను చూసినవాళ్లకు ఒక విషయం తెలుస్తుంది. తోవ పక్కన వాళ్లు గుర్తించిన వాటిలో పోలీసు ఠాణా, తపాలా ఆఫీసు, డాక్ బంగళా, రక్షిత అడవి హద్దు ముఖ్యమైనవి. బావులు, పెద్ద చెట్లు, గుళ్లు, ఈద్గాలు కూడా ఉన్నాయి. అవి ప్రజల మీద ప్రేమతో పెట్టినవి కావు. దండు నడిచేటప్పుడు నీళ్లు కావాలి, నీడ కావాలి, దూరం నుంచి కనిపించే ఆనవాలు కావాలి. పాలకుడి అవసరమే పటానికి పట్టిక అయింది. ఏది గుర్తు, ఏది గుర్తు కాదు అని నిర్ణయించడంలో ఆ ఊరివాళ్లకు పాత్ర లేదు.

పటం కన్నా మన ఊళ్లను ఎక్కువ శాసించింది పట్వారీ దస్తరం. సాలార్‌జంగ్ కాలంలో మొదలైన సర్వే, సెటిల్‌మెంట్ల నుంచి 1954–55 నాటి ఖాస్రా పహాణీ దాకా ఆ దస్తరాల్లో నేలకు పెట్టిన పేర్లు చూడండి: పట్టా, ఇనాం, శిఖం, బంచరాయి, పరంపోగు, ఖారిజ్ ఖాతా. అవి ఒట్టి మాటలు కావు. చెరువు శిఖం అని రాస్తే ఒక న్యాయం, పట్టా అని రాస్తే ఇంకో న్యాయం. బంచరాయి అని ఉన్న చోట ఊరి పశువులన్నీ మేయవచ్చు. ఆ మాటను కలం ఒక గీతతో మార్చేస్తే మేత పోయినట్టే. తరతరాలుగా దున్నుతున్న నేల తన పేరు మీద లేదని ఆ రైతుకు తెలిసేది దస్తరం తెరిచిన రోజే. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు మా పెద్దవాళ్లు సంబరపడ్డారంటే కారణం ఇదే. వ్యవస్థ పోయింది గాని, మాటను ఎవరు రాస్తే వాడిదే అధికారం అన్న సూత్రం పోలేదు. 2020లో వచ్చిన ధరణి మీద, దాని స్థానంలో 2025లో వచ్చిన భూభారతి మీద జరిగిన వాదాల్లో సగం ఏ గడిలో ఏ మాట పడింది అన్నదాని గురించే.

ఆదిలాబాద్ అడవుల్లో ఇదే కథ మరింత కఠినంగా నడిచింది. రిజర్వు అడవి అని గీసిన గీత గోండుల పోడు నేలను, వాళ్ల గూడేలను, వాళ్ల దేవతల స్థలాలను అడవి అనే ఒకే మాట కింద కప్పేసింది. జోడేఘాట్‌లో కొమురం భీం 1940లో ప్రాణమిచ్చిన పోరాటం ఆ గీతకు ఎదురు నిలిచిన పోరాటం.

3

ఇక ఇప్పటి సంగతి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో ఇంగ్లండులో పుట్టింది. అప్పట్లో అక్కడ ప్రభుత్వ పటాలను వాడుకోవాలంటే డబ్బు కట్టాల్సి వచ్చేది, షరతులకు లోబడాల్సి వచ్చేది. ప్రజల పన్నుతో తయారైన పటం ప్రజలకు అందకపోవడమేమిటని స్టీవ్ కోస్ట్ అనే యువకుడు దీన్ని ప్రారంభించాడు. ఎవరైనా చేర్చవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. 2012లో దానికి కొత్త అనుమతి పత్రం పెట్టుకున్నారు. దాని ప్రకారం ఆ సమాచారాన్ని పెంచి బయటపెట్టేవాళ్లు దాన్ని అదే షరతు మీద అందరికీ అందుబాటులో ఉంచాలి.

చరిత్ర విద్యార్థికి ఇందులో ఆసక్తి కలిగించేది ట్యాగుల వ్యవస్థ. మొదటి నుంచీ అక్కడ ఉన్న నియమం ఒక్కటే: నీకు తోచిన మాట నువ్వు పెట్టవచ్చు. పై అధికారి ఎవరూ లేరు. మరి లక్షల మంది తలా ఒక మాట పెడితే పటం ఎట్లా తయారైంది? మూడు మార్గాల్లో అని చెప్పాలి.

మొదటిది చర్చ, ఓటు. కొత్త మాట కావాలనుకున్నవాళ్లు ప్రతిపాదన రాస్తారు. అది దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు అని వివరిస్తారు. కొన్ని వారాలు చర్చ, ఆ తరవాత ఓటు. ఓటు వేసినవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. అయితే ప్రపంచమంతటి పటానికి ఓటు వేసేవాళ్లు చాలాసార్లు కొన్ని పదుల మందే.

రెండోది వాడుక. ఓటు లేకపోయినా వేలమంది ఒక మాట వాడుతూ పోతే అదే నిలుస్తుంది. ఏ మాట ఎన్నిసార్లు వాడారో లెక్క చూపే సాధనం కూడా ఉంది. గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష గురించి చేసిన వాదం ఎరిగిన మనకు ఇది కొత్త కాదు. వ్యాకరణం ముందా, వాడుక ముందా అన్న తగాదా అక్కడా ఉంది.

మూడోది కంటికి కనబడనిది. అది పనిముట్టు. పటం దిద్దే సాధనంలో ముందే పేర్చి పెట్టిన పేర్ల జాబితా ఉంటుంది. కొత్తవాళ్లు దానిలోంచే ఒకటి ఎంచుకుంటారు. ఆ జాబితా తయారుచేసే నలుగురైదుగురు ఏ మాటను పైన పెడితే ఆ మాట ప్రపంచమంతా పాకుతుంది. ఓటును ప్రజాస్వామ్యమన్నాం, వాడుకను అంతకన్నా గట్టి ప్రజాస్వామ్యమన్నాం. మూడోదాన్ని ఏమనాలో ఆ పటం రాసేవాళ్లే ఇంకా వాదించుకుంటున్నారు.

మాటలన్నీ బ్రిటిష్ ఇంగ్లీషువి. కాలిబాట నుంచి జాతీయ రహదారి దాకా అన్నిటినీ 'హైవే' అనే కోవలోనే వేస్తారు. ఇంగ్లండు న్యాయశాస్త్రంలో హైవే అంటే ప్రజలకు నడిచే హక్కు ఉన్న ఏ తోవ అయినా సరే. మనకు హైవే అంటే లారీలు పోయే నాలుగు వరసల రోడ్డు. 'అన్‌క్లాసిఫైడ్' అనే ఇంకో మాట ఉంది. అక్కడి రోడ్ల శాఖ లెక్కలో అది ఊరూ ఊరూ కలిపే చిన్న రోడ్డు. మన పిల్లలు దాన్ని 'ఏ రకమో తెలియని రోడ్డు' అని అర్థం చేసుకున్నారు. తప్పు పిల్లలది కాదు.

మన దేశంలో పటం రాసేవాళ్లు దీనికొక ఒప్పందం చేసుకున్నారు. జాతీయ రహదారిని 'ట్రంక్' అనీ, రాష్ట్ర రహదారిని 'ప్రైమరీ' అనీ, జిల్లా ప్రధాన రహదారిని 'సెకండరీ' అనీ రాయాలని. ఇది ఉపయోగకరమైన ఒప్పందం. కాని దీనికి ఒక మెలిక ఉంది. ఈ లెక్క ప్రకారం రోడ్డు స్థాయిని నిర్ణయించేది ప్రభుత్వం ఇచ్చిన నెంబరు. కరీంనగర్ మీదుగా హైదరాబాదును రామగుండంతో కలిపే రాజీవ్ రహదారికి ఉన్నది రాష్ట్ర రహదారి నెంబరు. అది నాలుగు వరసల రోడ్డే అయినా పట్టికలో ఒక మెట్టు కింద ఉంటుంది. అడవిలో ఒంటి వరస మీద సాగే జాతీయ రహదారి ఒక మెట్టు పైన ఉంటుంది. నెంబరు చూడాలా, నేల చూడాలా అన్న తగాదా ఇక్కడ పుడుతుంది. 2010లో కేంద్రం రహదారుల నెంబర్లన్నీ మార్చింది. నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా పోయే 7వ నెంబరు రోడ్డు 44 అయింది. మా నాన్న తరం వాళ్లు మొన్నమొన్నటి దాకా 'సెవెన్ నెంబర్ రోడ్డు' అనే అన్నారు. నేలమీద మైలురాయి ఒకటి చెబుతుంది, జనం నోరు ఒకటి చెబుతుంది, గెజెట్ ఇంకొకటి చెబుతుంది. పటం రాసేవాడు మూడింటికీ చోటివ్వాలి. పాత పేరు, వాడుక పేరు, అధికారిక నెంబరు అని వేరువేరు గడులు పెట్టి వాళ్లు ఆ చోటు ఇచ్చారు. దస్తరంలో లేని వెసులుబాటు ఇది.

4

ఇందులో అంతా సామరస్యమే ఉందనుకుంటే పొరపాటు. 2011లో పసిపిల్లలను చూసుకునే కేంద్రాలకు ప్రత్యేకమైన ట్యాగ్ కావాలని ఒక ప్రతిపాదన వచ్చింది. అది ఓటులో వీగిపోయింది. ఇప్పటికే ఉన్న బాలబడి ట్యాగ్ చాలు అన్నారు. అదే పట్టికలో మగవాళ్ల వినోదాలకు సంబంధించిన చోట్లను మాత్రం రకరకాలుగా విడదీసి పేర్లు పెట్టుకున్నారు. మోనికా స్టీఫెన్స్ అనే భూగోళశాస్త్ర పరిశోధకురాలు 2013లో ఈ విషయం మీద వ్యాసం రాసింది. పటం రాసేవాళ్లలో అత్యధికులు మగవాళ్లు కావడం వల్ల వాళ్లకు కనిపించేవే విడివిడిగా కనిపించాయనీ, ఆడవాళ్లకు రోజూ కావలసినవి ఒకే ముద్దగా కనిపించాయనీ ఆమె వాదం. ఆ తరవాత పిల్లల సంరక్షణ మాట వాడుక ద్వారా పట్టికలో చేరింది.

ఈ ఉదంతాన్ని మన ఊరికి అన్వయించి చూడండి. అంగన్‌వాడీని పటంలో ఎవరు పెడతారు? అంగన్‌వాడీకి రోజూ పోయే తల్లి. ఆమె చేతిలో ఫోను ఉందా, ఉన్నా తీరిక ఉందా? వైన్ షాపును ఎవరు పెడతారో చెప్పనక్కర లేదు. బీడీలు చుట్టే ఆడవాళ్లు గంప పట్టుకొని పోయే కార్ఖానా, పొద్దున్నే కూలీలు నిలబడే అడ్డా, బతుకమ్మలు పెట్టి ఆడే గద్దె, ఇవి తోవ పక్కనే ఉన్నాయి. చూసే కన్నును బట్టి అవి ఉంటాయి, లేకుండాపోతాయి. ఒప్పందం అనగానే అందరూ ఒప్పుకున్నారని అర్థం కాదు. ఆ గదిలో ఉన్నవాళ్లు ఒప్పుకున్నారని అర్థం.

5

మా పిల్లలు తీసుకొచ్చిన చిక్కుల్లో కొన్నింటిని ఇక్కడ చర్చిస్తాను.

ఊరి బయట వేపచెట్టు కింద పోచమ్మ. పట్టికలో 'వేసైడ్ ష్రైన్' అనే మాట ఉంది. తోవ పక్క చిన్న గుడి అన్నమాట. అది ఐరోపాలో తోవల పక్కన మరియమ్మ బొమ్మలు పెట్టిన చిన్న కట్టడాలను చూసి పుట్టిన మాట. దాన్ని చారిత్రక కట్టడాల కోవలో వేశారు. మా పోచమ్మ చారిత్రక కట్టడం కాదు. పోయిన శ్రావణంలో కూడా బోనాలెత్తారు. పక్కనే 'మతం' అని ఒక గడి. హిందూ అని రాయడం పిల్లలకు కష్టం కాలేదు. కాని కేస్లాపూర్ నాగోబా దగ్గర ఏమని రాయాలి? మెస్రం వంశం వాళ్ల పూజావిధానానికి అగ్రహారపు గుడికి వేసే ముద్రే వేయవచ్చా? ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పకూడదు, గోండులు చెప్పాలి. కాని గడిని నింపే పిల్లవాడు అర నిమిషంలో చెప్పేస్తాడు. అడిగే గడి ఉండడమే జవాబును సగం నిర్ణయిస్తుంది.

పీర్ల చావడి ఇంకో చిక్కు. మా వైపు చాలా ఊళ్లలో పీర్ల పండుగకు గుండం చుట్టూ ఆడేది ఎక్కువగా తురకవాళ్లు కారు. తురక ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లో కూడా పీరు లేస్తుంది. మసీదు అని రాస్తే తప్పు, గుడి అని రాస్తే తప్పు. పట్టికలో 'బహుమతం' అనే అర్థం వచ్చే మాట ఒకటి ఉంది. అది విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో అందరికీ కలిపి కట్టే ప్రార్థన గదులకు ఎక్కువగా సరిపోయే మాట. అయినా పిల్లలు దాన్నే ఎంచుకున్నారు. వాళ్లు చేసింది సబబే అనుకుంటాను. ఈ రోజుల్లో రెండు మతాల పేర్లూ ఒకే చోటు మీద ఉండడం చిన్న విషయం కాదు.

అంబేద్కర్ విగ్రహం. విగ్రహానికి రెండు దారులున్నాయి. స్మారకం అనే కోవలో వేయవచ్చు, లేదా పర్యాటకం అనే కోవలో కళాఖండం అని వేయవచ్చు. రెండూ ఒప్పుకున్న పద్ధతులే. ఊరికి మూల మీద నిలబడి రాజ్యాంగం చేతబట్టుకొని వేలు చూపుతున్న ఆ విగ్రహం పర్యాటకుల కోసం పెట్టింది కాదు. దాన్ని నిలబెట్టడానికి ఎన్ని ఊళ్లలో ఎన్ని గొడవలైనాయో మనకు తెలుసు. కళాఖండం అనే మాట అందులో అబద్ధం కాకపోవచ్చు, కాని అసలు నిజాన్ని దాస్తుంది.

గడి. జగిత్యాల, సిరిసిల్ల వైపు దొరల గడీలు ఇంకా నిలబడి ఉన్నాయి. పట్టికలో కోట ఉంది, రాజసౌధం ఉంది, 'మ్యానర్' ఉంది. మ్యానర్ అంటే ఇంగ్లండు భూస్వామి నివాసం. దగ్గరి మాట అదే. కాని గడి అంటే ఇల్లు మాత్రమే కాదు. వెట్టి చేయించిన చోటు, పంచాయితీ తీర్చిన చోటు, కొట్టిన చోటు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాది రైతు కూలీలు జరిపిన జైత్రయాత్ర ఆ గడీల ముందే భయాన్ని పోగొట్టింది. అదే సంవత్సరం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. గడికి మ్యానర్ అని పెట్టి చూడండి, ముందు పూలతోట మొలుస్తుంది. మాట ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వచ్చేటప్పుడు తన తోటను కూడా మోసుకొస్తుంది.

స్పీడ్ బ్రేకర్ల సంగతి తేలిక. దానికి పట్టికలో అరడజను మాటలున్నాయి: పొడవాటి దిబ్బ, కురచ దిబ్బ, బల్లపరుపు దిబ్బ, గరుకు పట్టీ అని. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే స్పీడ్ బ్రేకరుకు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు అని కొలత చెప్పింది. ఊళ్లో ఒక ప్రమాదం జరిగిన మర్నాడు జనం రాత్రికి రాత్రి పోసుకున్న మట్టిదిబ్బ ఆ కొలతలో ఇమడదు. కోతల కాలంలో రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. రాత్రిపూట బండి మీద వచ్చేవాడికి అంతకన్నా ముఖ్యమైన గుర్తు లేదు. అయితే తాత్కాలికమైనవి పటంలో పెట్టకూడదని నియమం. మంచి నియమమే. కాని ఏడాదికి రెండుసార్లు, తప్పకుండా, అదే చోట జరిగేది తాత్కాలికమా, శాశ్వతమా? కల్లాలు కట్టివ్వని చోట రోడ్డే కల్లం.

6

ఆ పటానికి ఒక మూల సూత్రం ఉంది. నేలమీద ఇప్పుడు ఏది ఉందో అదే రాయాలి. ఎవరైనా పోయి సరిచూసుకోగలగాలి. తగాదా వచ్చినప్పుడు తీర్పు చెప్పేది నేలే. అధికారి మాటకు, పుస్తకం మాటకు కాక కంటికి కనబడేదానికి పెద్దపీట వేయడం అభ్యుదయకరమైన సూత్రమని ఒప్పుకోవాలి.

అయితే దీనికీ ఒక హద్దు ఉంది. హద్దు ఎక్కడుందో నాకు ఒక అమ్మాయి చూపించింది.

ఆమె వాళ్లది మిడ్ మానేరు కింద మునిగిన ఊరు. కొదురుపాక, చింతల్‌ఠాణా, అనుపురం లాంటి ఊళ్లు ఆ జలాశయంలో మునిగిపోయాయి. ఇప్పుడు ఆమె కుటుంబం నిర్వాసితుల కాలనీలో ఉంటుంది. కాలనీలో వీధులకు పేర్లు లేవు, ప్లాట్ల నెంబర్లున్నాయి. అందరు పిల్లలూ తమ బొడ్రాయికి ఏ పేరు పెట్టాలని తగాదా పడుతుంటే ఆ అమ్మాయి అడిగింది: "సార్, మా బొడ్రాయి నీళ్లల్ల ఉంది. పెట్టొచ్చా?"

సూత్రం ప్రకారం పెట్టకూడదు. నేలమీద కనబడదు. పోయి సరిచూడలేం. ఎండాకాలం నీళ్లు తగ్గితే గోడలు కొన్ని తేలతాయి, అంతే. పాడుబడినవాటికి, కూల్చినవాటికి పేరు ముందు ఒక ముక్క చేర్చి గుర్తించే పద్ధతి ఆ పటంలో ఉంది గాని, ఆనవాలు కూడా మిగలనివాటిని తీసేయాలనేదే ఎక్కువమంది వాదం. అది చరిత్ర పటం కాదు కదా అంటారు. సింగరేణి ఓపెన్‌కాస్టుల కింద పోయిన ఊళ్లకు కూడా ఇదే సమాధానం. ఊరిని ముంచినవాడు ఒకసారి ముంచాడు. నేలమీద లేదు కాబట్టి పటంలో లేదు అనే న్యాయం రెండోసారి ముంచుతుంది.

స్తూపాల విషయం ఇంకా కఠినం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సంఘం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువమంది అని హక్కుల సంఘాలు చెప్పాయి. అక్కడ 1983లో స్తూపం కట్టారు. 1986లో దాన్ని కూల్చారు. 1987లో మళ్లీ కట్టారు. ఆ తరవాత ఎన్నో ఏళ్లు ఏప్రిల్ 20 వస్తే అక్కడికి పోవడానికి ఆంక్షలు, పోలీసు పహరా. ఇప్పుడీ స్తూపాన్ని పటంలో రాయాలంటే 'మాన్యుమెంట్' అనాలా, 'మెమోరియల్' అనాలా అని చర్చ వస్తుంది. ఆ పట్టిక లెక్కలో మొదటిది లోపలికి నడిచిపోగలిగేంత పెద్ద కట్టడం, రెండోది చిన్నది. తేడా కట్టడం కొలతలో ఉంది. చనిపోయినవాళ్ల లెక్కలో లేదు.

1983 నుంచి 1986 దాకా నేల చెప్పిన నిజం ఒకటి. 1986లో నేల చెప్పిన నిజం ఇంకొకటి. 1990లో హుస్నాబాద్‌లో నిలబెట్టిన ఎత్తైన స్తూపం కూడా తరవాత నేలమట్టమైంది. నేల అబద్ధం చెప్పదని మనం అనుకుంటాం. కాని నేలమీద ఏది నిలవాలో నిర్ణయించే బలం ఎవరి చేతిలో ఉందో వాళ్ల మాటే నేల చెబుతుంది. ఈ సూత్రాన్ని తీసేయమని నేను అనడం లేదు. తీసేస్తే ప్రతివాడూ తన పుక్కిటి పురాణాన్ని పటంలోకి ఎక్కిస్తాడు, ఆ ప్రమాదం ఇంకా పెద్దది. దీనికి హద్దు ఉందని తెలిసి వాడుకోవాలంటున్నాను.

7

పేర్ల విషయంలోనూ నేలే ప్రమాణం అంటారు. ఊళ్లోవాళ్లు ఏమంటే అదే పేరు. బాగుంది. కాని ఊళ్లోవాళ్లు అంటే ఎవరు? పై వీధివాళ్లు కులం పేరుతో పిలిచే వాడను ఆ వాడవాళ్లు అంబేద్కర్ నగర్ అంటారు. పంచాయతీ రికార్డులో ఎస్సీ కాలనీ అని ఉంటుంది. మూడూ వాడుకలో ఉన్నవే. మా పిల్లల్లో దీని మీద గంటసేపు వాదన జరిగింది. చివరికి ఒక సూత్రం పెట్టుకున్నారు: ఏ వాడకు ఆ వాడలో ఉండేవాళ్లు చెప్పిన పేరే పేరు. ఓటు పెట్టలేదు. ఓటు పెట్టి ఉంటే పై వీధి పిల్లలే ఎక్కువమంది. సంఖ్య కన్నా స్థానం ముఖ్యమని ఆ పిల్లలు గ్రహించారు. ఆ పెద్ద పటం నడిపేవాళ్లు కూడా నేర్చుకోదగిన సూత్రం ఇది.

ఊరి స్థాయిలోనూ ఇదే. సిటీ, టౌన్, విలేజ్, హ్యామ్లెట్ అని మెట్లున్నాయి. గూడేన్నీ, తండానూ హ్యామ్లెట్‌లో వేస్తారు. జనం లెక్కలో సరిపోవచ్చు. కాని గూడెం ఒక పెద్ద ఊరికి తోక కాదు. దానికి దాని పటేల్ ఉన్నాడు, దాని దేవత ఉంది, దాని భాష ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దొరికింది. పటంలో ప్రతి చోటికీ ఎన్ని భాషల్లోనైనా పేరు రాసే గడులున్నాయి. గూడెం పేరు గోండిలో రాయడానికి ఇక సాంకేతికమైన అడ్డంకి లేదు. రాసే చెయ్యి కావాలి.

8

మన మిత్రుల్లో కొందరు దీన్నంతా కంపెనీల మాయ అని కొట్టిపారేస్తారు. వాళ్ల అనుమానానికి ఆధారం లేకపోలేదు. గూగుల్ 2008లో మ్యాప్ మేకర్ పేరుతో జనం చేత ఉచితంగా పటం రాయించుకుంది. 2013లో మన దేశంలో పోటీ పెట్టి బహుమతులిస్తే సర్వే ఆఫ్ ఇండియా ఫిర్యాదు చేసింది, 2014లో సీబీఐ ప్రాథమిక విచారణ మొదలైంది. 2017లో గూగుల్ ఆ సాధనాన్ని మూసేసింది. జనం రాసింది కంపెనీ సొత్తుగా మిగిలింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా పెద్ద కంపెనీలు జీతగాళ్లను పెట్టి రోడ్లు గీయిస్తున్నాయి.

రెండోవైపు రాజ్యం. 2016 మే నెలలో కేంద్రం ఒక ముసాయిదా బిల్లు బయటపెట్టింది. అనుమతి లేకుండా భౌగోళిక సమాచారం సేకరిస్తే వంద కోట్ల రూపాయల దాకా జరిమానా, ఏడేళ్ల దాకా జైలు అని అందులో ఉంది. అది చట్టం కాలేదు. 2021 ఫిబ్రవరిలో అదే ప్రభుత్వం నియమాలు సడలించింది. ఎవరి ఒత్తిడి మీద సడలించిందో చర్చించుకోవచ్చు. కాని ఆ సడలింపు మా పిల్లలకూ పనికొచ్చింది.

కాబట్టి దూరంగా నిలబడడం పరిష్కారం కాదు. 2009లో నైరోబీలోని కిబేరా మురికివాడలో అక్కడి యువకులే తమ వాడను గుర్తించుకున్నారు. అధికారిక పటాల్లో ఆ చోటు ఖాళీగా ఉండేది. 2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు కొద్ది రోజుల్లో రాజధాని పటం తయారుచేశారు. సహాయం ఆ తోవల వెంటే పోయింది. తోవ పేరు తెలియడం ప్రాణం నిలబెట్టే సంగతి అని అప్పుడు తేలింది.

మన చేతిలో మనదైన అనుభవం కూడా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో వచ్చింది. 1971లో చేనేత పదాలతో రెండోది వచ్చింది. జిల్లాలు తిరిగి, రైతులను, నేతగాళ్లను అడిగి, ఒకే పనిముట్టుకు ఏ తావున ఏ మాట ఉందో అన్నీ రాశారు. ఒక మాటను నిలబెట్టి మిగతావాటిని తప్పు అనలేదు. ఒప్పందం అంటే అందరూ ఒకే మాట అనడం కాదు, ఎవరి మాట ఏ వస్తువుదో అందరికీ తెలియడం. ఇది మన భాషాశాస్త్రం నేర్పిన పాఠం. తోవ పక్క గుర్తులకు అట్లాంటి పదకోశం మనకు లేదు. బొడ్రాయి, చావడి, గద్దె, కమాన్, అడ్డా, చౌరస్తా, పీర్ల గుండం, కల్లు మండువా, ఒక్కొక్కదానికి నిర్వచనం రాయాలి. ఎక్కడ ఉంటుంది, ఎవరు వాడతారు, దేనికి దగ్గర, దేనికి దూరం అని రాయాలి. ఆ పని సాంకేతిక నిపుణులు చేయలేరు. తెలుగు చదువుకున్నవాళ్లు, కథలు రాసేవాళ్లు చేయాలి. రాసినదాన్ని ఆ పట్టిక ముందు ప్రతిపాదనగా పెట్టాలి. పెట్టకపోతే గడి మ్యానర్ గానే, పోచమ్మ ఐరోపా తోవ పక్క గుడి గానే మిగులుతాయి.

మా పిల్లలు బొడ్రాయికి ఏం చేశారో చెప్పి ముగిస్తాను. పట్టికలోని మాటలేవీ కుదరవని తేల్చుకొని, 'బొడ్రాయి' అనే తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొత్త ట్యాగుగా పెట్టారు. నీకు తోచిన మాట పెట్టవచ్చన్న నియమం ఉంది కదా. వివరణ గడిలో రెండు వాక్యాలు రాశారు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ల పిల్లలకు చెప్పారు, వాళ్లూ అదే మాట పెట్టారు. ఎప్పుడో ఎవరో దూరదేశం మనిషి వచ్చి ఈ మాట పట్టికలో లేదని తీసేయవచ్చు. అప్పుడు వాదించాలి. వాదించడానికి కావలసిన మాటలు పిల్లల దగ్గర ఉన్నాయి.

మునిగిన ఊరి అమ్మాయి తన బొడ్రాయిని పటంలో పెట్టలేదు. నోటు పుస్తకంలో ఊరి పటం గీసింది. వాళ్ల నాయనమ్మ చెబుతుంటే వీధి వీధీ గీసింది. ఆ పుస్తకం ఇప్పుడు మా బడి లైబ్రరీ బీరువాలో ఉంది. దానికి సరిపోయే గడి ఏ పటంలోనూ లేదు. ఆ గడి కోసం కూడా ప్రతిపాదన రాయవలసింది మనమే.